మన కీర్తనకు ఊరి గొంతు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇప్పుడు జానపదానిదే కాలం. పెళ్లి బరాత్ ముందు, ఆటోలో, పత్తి ఏరే చేలో, గనిలో షిఫ్టు దిగి ఇంటికి పోయే కార్మికుడి ఫోన్‌లో అదే పాట. ఆ బాణీలోనే, ఆ డప్పు దరువు మీదనే యేసయ్య పాటలు కూడా వస్తున్నాయి. కొన్ని కొత్తగా కట్టినవి. కొన్ని మన తాతముత్తాతలు పాడుకున్న పాత కీర్తనలే, పల్లె గొంతులో మళ్లీ వినిపిస్తున్నవి. పాడేవారిలో సంఘ సభ్యులున్నారు. నిన్న పెళ్లిలో, మొన్న పార్టీ సభలో పాడి, రేపు జాతరలో పాడబోయే వృత్తి గాయకులూ ఉన్నారు.

దీని మీద సంఘాల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. మందిరం మెట్లెక్కని వారి చెవికి కూడా ప్రభువు పేరు చేరుతోంది, అది మంచిదే కదా అని కొందరు సంతోషిస్తున్నారు. కీర్తనకున్న గాంభీర్యం పోయింది, రాత్రి కల్లు పాట పాడిన నోటితో పొద్దున సిలువ పాట ఎలా పాడతారని మరికొందరు బాధపడుతున్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే ఈ వాదనలో అసలు ప్రశ్న పక్కకు పోతోందని మా అభిప్రాయం. కీర్తన ఎవరి నోట బతుకుతుంది? ఆ నోటికి మన మందిరంలో చోటుందా? సంఘాలు ముందుగా ఆలోచించవలసింది ఇది.

అమెరికా పల్లెల అనుభవం

ఈ చర్చ మనకంటే ముందు అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లె సంఘాల్లో జరిగింది. అక్కడి కొండ పల్లెల పాటకు 'కంట్రీ అండ్ వెస్టర్న్' అని పేరు. గిటారు, ఫిడేలు, బాంజో పట్టుకుని రైతులు, బొగ్గు గని కార్మికులు, రైలు కూలీలు పాడుకున్న పాట అది. 1927లో టెనెసీ సరిహద్దులోని బ్రిస్టల్ పట్టణంలో విక్టర్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే వ్యక్తి ఆ కొండ గాయకులను పిలిచి రికార్డు చేశాడు. ప్రేమ పాటలు, కష్టం పాటలతో పాటు భక్తి పాటలూ ఆ రికార్డుల్లోకి ఎక్కాయి. అక్కడే వెలుగులోకి వచ్చిన కార్టర్ కుటుంబం 1935లో ఒక తల్లి అంత్యక్రియల మీద పాట పాడింది. దానికి మూలం 1907 నాటి ఒక సంఘ కీర్తన.

ఈ గాయకులందరూ పరిశుద్ధులేమీ కారు. హ్యాంక్ విలియమ్స్ తాగుడుతో ఆరోగ్యం పాడుచేసుకుని 1953 జనవరి 1న, 29 ఏళ్లకే చనిపోయాడు. ఆయన పాడగా 1948లో విడుదలైన 'ఐ సా ద లైట్' పాటను ఈనాటికీ అక్కడి సంఘాలు ఆదివారం పాడుతున్నాయి. టెనెసీ ఎర్నీ ఫోర్డ్ తన టీవీ కార్యక్రమాన్ని ఒక కీర్తనతో ముగించేవాడు. 1956లో వచ్చిన ఆయన కీర్తనల ఆల్బమ్ ఏళ్ల తరబడి అమ్ముడైంది. జానీ క్యాష్ మత్తుమందులతో పోరాడిన మనిషి. ఆయన 2003లో మరణించాక, 2004లో విడిగా విడుదలైన ఒక ఆల్బమ్ మొత్తం తల్లి పాటల పుస్తకంలోని కీర్తనలే. వాయిద్యాల హోరు లేదు. ఒక గిటారు, వయసు మీద పడిన ఒక గొంతు, అంతే. మన దేశంలో ఎన్నో క్రైస్తవ కుటుంబాలకు తెలిసిన జిమ్ రీవ్స్ క్రిస్మస్ పాటలు కూడా 1963లో ఈ కోవ నుంచే వచ్చాయి.

'అమేజింగ్ గ్రేస్' సంగతి చూడండి. మాటలు 1772లో ఇంగ్లండులో జాన్ న్యూటన్ అనే కాపరి రాసినవి. ఈనాడు లోకమంతా పాడుతున్న రాగం మాత్రం అప్పటిది కాదు. 1835లో అమెరికా దక్షిణ పల్లెల కోసం అచ్చయిన ఒక పాటల పుస్తకంలో ఆ మాటలకు ఆ జానపద బాణీ జతపడింది. యాభై ఏళ్లకు పైగా పుస్తకాల్లో ఉన్న పాటకు రెక్కలొచ్చింది పల్లె బాణీ దొరికాకనే.

ఈ కథలో మనం తప్పక గమనించాల్సిన చీకటి కోణం ఒకటుంది. ఆ రోజుల్లో రికార్డు కంపెనీలు నల్లవారి పాటను ఒక పేరుతో, తెల్లవారి పాటను మరో పేరుతో వేరు చేసి అమ్మాయి. కంట్రీ పాటకు గుర్తుగా నిలిచిన బాంజో మూలం ఆఫ్రికాది. కార్టర్ కుటుంబ పెద్ద ఊరూరా తిరిగి పాటలు సేకరిస్తుంటే, లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు వెంట తిరిగి రాగాలు గుర్తుపెట్టుకుని వచ్చి నేర్పాడు. కార్టర్ కుటుంబం రికార్డుల్లో ఆయన వాయించలేదు. పాట పేరు మోగిపోయింది, పాట తెచ్చినవాడి పేరు చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఈ మాట మన జిల్లాలకు ఎలా తగులుతుందో కాసేపటికి చెబుతాం.

మన కీర్తన పుట్టిన తీరు

జానపద బాణీ కీర్తనకు పరాయిదని అనేవారు ఒకసారి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడాలి. పాట పైన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుడిగా మనం గౌరవించే పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, 1890లో ప్రభువునందు నిద్రించారు. తన చుట్టూ జనం దేవుణ్ని ఏ పద్ధతిలో పాడుకుంటున్నారో ఆ పద్ధతిలోనే ఆయన క్రీస్తును పాడారు. పల్లవి, అనుపల్లవి, చరణాలు, తాళం చిప్పలు, పదిమంది కలిసి అందుకునే భజన పద్ధతి. ఆర్గాన్ మన మందిరాలకు తర్వాత వచ్చింది.

పరిశుద్ధ గ్రంథంలోనూ ఇదే జాడ ఉంది. 22వ కీర్తన తలకట్టులో మన తెలుగు బైబిలు 'అయ్యెలెత్ షహరు' అనే రాగం పేరు చెబుతుంది. 57, 58, 59 కీర్తనలకు 'అల్తష్హేతు' అనే రాగం పేరుంది. అవి అప్పటికే జనం ఎరిగిన పాటల బాణీలు కావచ్చునని పండితులు చెబుతారు. అదే నిజమైతే, సిలువ మీద ప్రభువు నోట వినబడిన 22వ కీర్తన కూడా ఒకనాడు ఊరివాళ్లకు తెలిసిన రాగంలో పాడుకున్నదే.

మహబూబాబాద్ జిల్లాలోని దోర్నకల్‌కు ఈ విషయంలో ప్రత్యేక స్థానముంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1945లో మరణించేవరకు పరిచర్య చేసింది ఇక్కడి నుంచే. ఆయన పుట్టుకతో తమిళుడు. తెలుగు నేర్చుకుని తెలుగు పల్లెల మధ్య బతికారు. ఆరాధనలోనూ గ్రామ సువార్తలోనూ తెలుగు కీర్తనలను, భజనను, కథాగానాన్ని ప్రోత్సహించారు. చదువు రాని విశ్వాసికి పాటే బైబిలు పాఠమని ఆయనకు తెలుసు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ ఎపిఫనీ కథెడ్రల్‌ను చూసినవారికి ఆయన మనసు అర్థమవుతుంది. గుడి శిల్పం, మసీదు గుమ్మటం, సిలువ ఒకే కట్టడంలో కలిసి కనబడతాయి. రాతిలో ఆయన చేసిన ఆ పని పాటలో మన సంఘాలు ఎంతవరకు కొనసాగించాయి?

కొంతవరకే అని ఒప్పుకోక తప్పదు. ఈనాడు చాలా మందిరాల్లో పాత కీర్తన సిలువ ధ్యానాల రోజున, సమాధి దగ్గర, సంస్మరణ కూడికలో మాత్రమే వినబడుతోంది. మిగిలిన ఆదివారాలు కీబోర్డులో ముందే నింపుకున్న దరువులవి. యువజనులకు పాట మాటలు తెర మీద కనబడితే తప్ప నోటికి రావు. కరెంటు పోతే పాట ఆగుతోంది. పుస్తకం చదవలేకపోయినా పది చరణాల కీర్తనను తప్పు లేకుండా పాడే పెద్దమ్మలు మందిరం వెనుక వరుసలో చాప మీద మౌనంగా కూర్చుంటున్నారు.

డప్పు మనకు ఎందుకు దూరమైంది

మన సంఘాలు పల్లె పాటను దూరం పెట్టడానికి ఒక చరిత్ర ఉంది. దాన్ని చులకన చేయకూడదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ వాగులో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన ఒంగోలు ఉజ్జీవం మనకు తెలుసు. ఆ విశ్వాసుల్లో ఎక్కువమంది మాదిగ సోదరులు. క్రీస్తును అంగీకరించాక వారు ఊరి జాతరకు డప్పు కొట్టబోమన్నారు. దాని కోసం దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు. అప్పటిదాకా డప్పు వారికి కళ కాదు, వెట్టి. పిలిస్తే పోవాలి, కొట్టమంటే కొట్టాలి, దూరంగా నిలబడాలి. ఆ డప్పును కింద పెట్టడం వారికి విడుదల. ఆ విడుదల జ్ఞాపకమే తర్వాతి తరాల్లో డప్పు మీద సంకోచంగా, కొన్నిచోట్ల సిగ్గుగా మిగిలింది.

కాలం మారింది. తెలంగాణ పోరాటాల్లో డప్పు ముందు నడిచింది. దళిత ఉద్యమం దాన్ని ఆత్మగౌరవ చిహ్నం చేసింది. జనగామ దాపున సుద్దాల హనుమంతు నిజాం పాలన మీద పాట కట్టినప్పుడు ఊళ్లో ఉన్న బాణీలనే తీసుకున్నారు. చదువు రాని వారు సైతం ఆ పాటకు కదిలారు. ఇదే జనగామ జిల్లా దేవరుప్పుల మండలానికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఒగ్గుకథకు దేశమంతా పేరు తెచ్చి 2017లో కన్నుమూసిన చుక్క సత్తయ్య కూడా ఈ జిల్లా మాణిక్యాపురం వారే. ప్రభుత్వం గౌరవించింది, అకాడమీలు గౌరవించాయి. పాటలతో నిండిన గ్రంథాన్ని చేతిలో పట్టుకున్న మనం మాత్రం మన గడప ముందున్న గాయకుణ్ని గుర్తించడానికి తడబడుతున్నాం.

చిందు వారి సంగతి మన సంఘాలు ప్రత్యేకంగా ఆలోచించాలి. తరతరాలుగా వారు మాదిగ వాడల్లో ఆడి పాడి, ఆ ఇళ్ల నుంచి మిరాశి తీసుకుని బతికిన కుటుంబాలు. ఆ వాడల్లో అనేక కుటుంబాలు ఈనాడు మన సంఘాల్లో ఉన్నాయి. ఇంటివారు మందిరానికి రావడం మొదలుపెట్టాక, ఆ ఇంటి పాటగాడు ఎక్కడికి పోవాలి? ఆయన కథల్లోని దేవతలు మనకు సమ్మతం కాకపోవచ్చు. కానీ ఆయన కడుపు, ఆయన కళ, ఆయన మర్యాద మన సువార్తకు బయటివి కావు.

మహబూబాబాద్ తండాల్లో మరో ప్రశ్న ఉంది. లంబాడీ అక్కచెల్లెళ్లు వలయంగా నిలబడి ఒకరి వెంట ఒకరు అందుకుని పాడే పాటకు ఎంత బలముందో తీజ్ పండుగ చూసినవారికి తెలుసు. తండా సంఘాల్లో గోర్ బోలి పాటలు పాడుకుంటున్నారు. అవి ఎక్కువగా నోటి మీదే నిలిచి ఉన్నాయి. కాపరి మారితే, పాడే తల్లి చనిపోతే పాట కూడా పోతుంది. భూపాలపల్లిలో పరిస్థితి ఇంకో తీరు. సింగరేణి కాలనీల సంఘాల్లో నాలుగు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. ఒకే కీర్తనను ఒక్కో కుటుంబం ఒక్కో బాణీలో పాడుతుంది. పక్కనే అడవి పల్లెల్లో కోయ విశ్వాసులున్నారు. ఇన్ని బాణీలు ఒక్కచోట ఉండటం ఇబ్బంది కాదు, ఆస్తి. కీబోర్డులో నింపిన ఒకే దరువుకు అందరినీ సర్దితే ఆ ఆస్తి కరిగిపోతుంది.

అభ్యంతరాల మాటేమిటి

అవిశ్వాసి గొంతుతో కీర్తన పాడించవచ్చా అన్నది మొదటి అభ్యంతరం. ఈ పని మనం ఎప్పుడో చేశాం. 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రానికి మోదుకూరి జాన్సన్ రాసిన సిలువ యాత్ర పాటను ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడారు. దాదాపు అర్ధశతాబ్దంగా శుభ శుక్రవారం నాడు ఆ పాట వినబడని తెలుగు ఊరు అరుదు. ఆయన ఏ మందిర సభ్యుడని మనం అడగలేదు. మద్రాసు స్టూడియోలో పాడిన పెద్ద గాయకుడికి వర్తించని షరతు, పాలకుర్తి పక్క ఊళ్లో డప్పు పట్టిన గాయకుడికి ఎందుకు వర్తించాలి? మన అభ్యంతరం విశ్వాసం గురించా, కులం గురించా అని ఇక్కడ నిజాయితీగా పరీక్షించుకోవాలి.

అలాగని హద్దు అక్కర్లేదని మేము అనడం లేదు. రికార్డులో పాడటం వేరు, సంఘాన్ని ఆరాధనలో నడిపించడం వేరు. మొదటిదానికి నైపుణ్యం చాలు. రెండోదానికి సాక్ష్యం కావాలి. ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు, ఏ ఉద్దేశంతోనైనా క్రీస్తు ప్రకటింపబడితే తాను సంతోషిస్తానన్నాడు. అదే పౌలు కొరింథీయులకు రాస్తూ, ఆత్మతో పాటు మనస్సుతోనూ పాడాలన్నాడు. రెండు మాటలనూ కలిపి పట్టుకోవాలి.

రెండో అభ్యంతరం బాణీ గురించి. ఇందులో బలముంది. జానపదం పేరుతో ఈనాడు వస్తున్నదంతా జానపదం కాదు. డీజే పెట్టెల మోతలో మాట వినబడని పాటలు చాలా ఉన్నాయి. కీర్తనకు ప్రాణం సాహిత్యం. అది ముంచేసే దరువు డప్పుదైనా, కీబోర్డుదైనా మనకు పనికిరాదు. మా మటుకు మేము మూడు పరీక్షలు చాలనుకుంటున్నాం. మాట స్పష్టంగా వినబడుతోందా? సంఘమంతా కలిసి పాడగలుగుతోందా? పాడినవారికి న్యాయం జరిగిందా?

ఈ మూడో పరీక్షలోనే మనం ఎక్కువగా తప్పుతున్నాం. పండుగ ముందు గాయకుణ్ని పిలిపించి, స్టూడియోలో రెండు గంటల్లో పాట పాడించి, చేతిలో కొంత పెట్టి పంపేస్తే, తెర మీద సంస్థ పేరు, దైవజనుడి ఫొటో మాత్రమే ఉంటే, లెస్లీ రిడిల్‌కు జరిగిందే ఇక్కడా జరిగినట్టు. పాట మనది, గొంతు అద్దెది అనే లెక్క క్రీస్తు శరీరంలో కుదరదు.

చట్టం సంగతి కూడా సంఘాలకు తెలియాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక మరో 60 ఏళ్లు హక్కు అతని వారసులకు ఉంటుంది. పురుషోత్తమ చౌదరి కీర్తనల సాహిత్యం మీద ఈనాడు ఎవరికీ యాజమాన్యం లేదు. అవి అందరివీ. వాటిని తమ సొంత పాటలుగా ప్రకటించుకోవడం తప్పు. 1990లో మరణించిన ఎ.బి. మాసిలామణి గారి వంటి వారి పాటలకు మాత్రం హక్కు ఇంకా ఉంది. మందిరంలో ఆరాధనగా పాడుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. యూట్యూబ్‌లో పెట్టి ప్రకటనల ఆదాయం తీసుకోవడం వేరే సంగతి. అక్కడ అనుమతి అడగాలి, రచయిత పేరు వేయాలి, పాడినవారికీ వాయించినవారికీ ముందే రాతపూర్వకంగా మాట ఇవ్వాలి.

సంఘాలు చేయగల పని

దీనికి పెద్ద బడ్జెట్లు అవసరం లేదు. ఈ మూడు జిల్లాల్లో ప్రతి సంఘంలో ఒక్క యువకుడు, ఒక్క యువతి ఫోన్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, డెబ్బై దాటిన విశ్వాసులు పాడే కీర్తనలను వారి బాణీలోనే రికార్డు చేస్తే చాలు. ఏ ఊరు, ఎవరు పాడారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నది రాసి పెట్టాలి. స్త్రీల సమాజాలు ఈ బాధ్యత తీసుకుంటే పని తొందరగా సాగుతుంది. తండాల్లో, కోయ పల్లెల్లో పాడుతున్న పాటలను తెలుగు లిపిలో రాయించి చిన్న పుస్తకంగా అచ్చువేయవచ్చు.

నెలకు ఒక పాత కీర్తనను ఆదివార బడిలో అర్థంతో సహా నేర్పాలి. పిల్లలకు తెర మీద చూపకుండా, నోటికి నేర్పాలి. కాపరులను సిద్ధం చేసే బైబిలు పాఠశాలల్లో ప్రసంగ కళ నేర్పినట్టే తాళం పట్టడం కూడా నేర్పాలి. పాట అందుకోలేని కాపరి సంఘం పాటను కాపాడలేడు.

ఈ ఏడాది కోతల పండుగకు మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉన్న పల్లె గాయకుణ్ని పిలవండి. ముందుగా మాటల అర్థం చెప్పి ఒక పాత కీర్తన నేర్పండి. ఆయన బాణీ మీరు నేర్చుకోండి. తగిన వేతనం చేతిలో పెట్టండి, పేరు అందరిముందూ చెప్పండి. పాట అయ్యాక ఆకులు వేసినప్పుడు ఆయనను మన పంక్తిలోనే, మన పక్కనే కూర్చోబెట్టండి.